సంక్షోభంలో ఆసుపత్రి నాయకత్వం, మానసిక భద్రత: సుల్తాన్ బజార్ పరిసరాల అనుభవం

విపత్తు వేళ ఆసుపత్రిని నడిపించేవారు తమకు తెలిసిందీ తెలియనిదీ దాచకుండా సిబ్బంది ముందుంచి, తమ నిర్ణయాలకు తామే బాధ్యత వహించడం నిష్కపట నాయకత్వం. అదే ఆసుపత్రిలో కింది మెట్టు మీదున్న ఆయా, వార్డ్ బాయ్, హౌస్ సర్జన్ కూడా ‘ఇక్కడ ఏదో తేడాగా ఉంది’ అని మెమోకీ అవమానానికీ జంకకుండా చెప్పగలిగితే, ఆ వాతావరణాన్ని మానసిక భద్రత అంటారు. పైవారి నిజాయితీ, కిందివారి ధైర్యం ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి. మామూలు రోజుల్లో ఇవి లేని లోటు పెద్దగా కనబడదు. మహమ్మారి వచ్చినప్పుడు, ఆక్సిజన్ అడుగంటినప్పుడు మాత్రం ఆ లోటు ప్రాణాల మీదికి తెస్తుంది.

తెలుగు నేల మీద ఈ విషయాన్ని పరిశీలించడానికి హైదరాబాదులోని సుల్తాన్ బజార్ తగిన చోటు. బ్రిటిష్ రెసిడెన్సీ చుట్టూ పెరిగిన రెసిడెన్సీ బజారు 1933లో తిరిగి నిజాం పాలనలోకి వచ్చాక ఈ పేరు పొందింది. బట్టల దుకాణాలకూ పాత పుస్తకాలకూ పేరుపడ్డ ఈ కోఠి ప్రాంతం రాష్ట్ర వైద్య వ్యవస్థకు కేంద్రం కూడా. ప్రసూతి ఆసుపత్రి, ఈఎన్‌టీ ఆసుపత్రి, 1846లో హైదరాబాద్ మెడికల్ స్కూల్‌గా మొదలైన ఉస్మానియా వైద్య కళాశాల, వైద్య విద్యా సంచాలకుల కార్యాలయం, ప్రజారోగ్య శాఖ కార్యాలయాలు అన్నీ నడిచి వెళ్లే దూరంలోనే ఉంటాయి. నారాయణగూడ వైపు వెళితే కింగ్ కోఠి ఆసుపత్రి, ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ వస్తాయి. ఇంకొంచెం ముందుకు వెళితే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి. దాన్ని పెద్దవాళ్లు ఇప్పటికీ కోరంటి దవాఖాన అంటారు. చిక్కడపల్లి, అశోక్ నగర్ దాటితే ముషీరాబాద్ దగ్గర గాంధీ ఆసుపత్రి. అంటే ఆదేశాలు ఇచ్చే కార్యాలయం, వాటిని అమలు చేసే వార్డు, ఆ వార్డు నుంచి బయటపడిన మాట వచ్చి నిలబడే రోడ్డు, మూడూ ఈ కొద్దిపాటి దూరంలోనే ఉన్నాయి.

ఆలోచన ఎక్కడ నుంచి వచ్చింది

మానసిక భద్రత గురించి 1965లో ఎడ్గార్ షైన్, వారెన్ బెన్నిస్ రాశారు. 1990లో విలియం కాన్ దాన్ని ఉద్యోగి పనిలో మనసు పెట్టడానికి కావలసిన షరతుల్లో ఒకటిగా చూపించారు. ఆసుపత్రి వార్డుల్లో దాని విలువ ఏమిటో తేల్చింది ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు. మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లపై ఆమె 1990లలో నర్సింగ్ బృందాలను పరిశీలించారు. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయన్నది ఆమె అంచనా. లెక్కలు తీస్తే అది తారుమారైంది. హెడ్ నర్సు మంచిగా నడిపిస్తున్న వార్డుల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగడం కాదు, ఎక్కువగా బయటపడుతున్నాయి. మిగతా వార్డుల్లో వాటిని కప్పిపుచ్చుతున్నారు. 1996లో అచ్చయిన ఈ ఫలితం మన అధికారులందరూ గుర్తుంచుకోదగ్గది. పొరపాట్ల రిజిస్టరు ఖాళీగా ఉందంటే ఆ ఆసుపత్రి బాగుందని కాదు, అక్కడ ఎవరూ నోరు మెదపడం లేదని అనుమానించాలి.

నిష్కపట నాయకత్వం అన్న మాటకు 2003లో బిల్ జార్జ్ పుస్తకం ప్రచారం తెచ్చింది. 2008లో వాలుంబ్వా, ఆయన సహచరులు దాన్ని నాలుగు గుణాలుగా విడదీసి కొలిచే పద్ధతి ఇచ్చారు. తన బలాబలాలు తనకు తెలిసి ఉండటం, ఎదుటివారితో దాపరికం లేకపోవడం, తన అభిప్రాయానికి అడ్డుతగిలే సమాచారాన్ని కూడా తూచి చూడటం, బయటి ఒత్తిడికి లొంగని నీతి. వీటిలో మూడోది అందరూ తేలిగ్గా మరిచిపోయేది, అన్నిటికంటే ముఖ్యమైనది కూడా. నిజాయితీ ఉంటే చాలు, నాయకుడు మంచివాడే అని మనం అనుకుంటాం. మనసా వాచా నమ్మిన మాట మీదే నిలబడి, ఎదురు మాట వినకపోతే ఏమవుతుందో హైదరాబాద్ వైద్య చరిత్రే చూపించింది.

క్లోరోఫాం వివాదం

రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1880లలో హైదరాబాద్ మెడికల్ స్కూలుకు కూడా అధిపతి. ఎడింబరోలో జేమ్స్ సైమ్ దగ్గర తర్ఫీదు పొందినవాడు. ఆడపిల్లలను వైద్యవిద్యలో చేర్చుకున్న ఘనత ఆయనది. ఆ రోజుల్లో శస్త్రచికిత్సకు మత్తుమందుగా క్లోరోఫాం వాడేవారు. మత్తులోనే కొందరు రోగులు హఠాత్తుగా చనిపోయేవారు. ఎందుకు? గుండె ఆగిపోవడం వల్లనని లండన్ వైద్యులు, ఊపిరి ఆగిపోవడం వల్లనని ఎడింబరో సంప్రదాయం వారు వాదించుకునేవారు. లారీది రెండో పక్షం. ఊపిరిని గమనిస్తే చాలు, నాడి పట్టి చూడనక్కరలేదని ఆయన బోధించేవాడు.

ఈ వాదం తేల్చడానికి 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ జంతువుల మీద ప్రయోగాలు చేసి, లారీ మాటే నిజమంది. లాన్సెట్ పత్రిక దాన్ని ఒప్పుకోలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, లాన్సెట్ తరఫునే ఒక నిపుణుణ్ని పంపమన్నాడు. 1889లో లాడర్ బ్రంటన్ హైదరాబాదుకు వచ్చాడు. వందలాది కుక్కలతో పాటు ఇతర జంతువుల మీద కూడా రెండో కమిషన్ ప్రయోగాలు సాగాయి. ఫలితం మళ్లీ అదే. ముందు ఆగేది ఊపిరి, ఆ తర్వాతే గుండె. అక్కడికి లారీ మాటే నెగ్గింది.

కానీ 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద ప్రయోగాలతో వేరే సంగతి బయటపెట్టాడు. క్లోరోఫాం మత్తు తేలికగా ఉన్నప్పుడు, ఒంట్లో ఎడ్రినలిన్ పెరిగితే, గుండె గదులు లయతప్పి కొట్టుకుని అక్కడికక్కడే ఆగిపోవచ్చు. రోగి భయంతో బల్ల ఎక్కినప్పుడు, మత్తు ఇంకా పూర్తిగా ఎక్కనప్పుడు సరిగ్గా ఇదే పరిస్థితి. అంటే నాడి చూడనక్కరలేదన్న బోధన ప్రమాదకరమైనది. ఊపిరిని కంటిపాపలా కనిపెట్టాలన్న లారీ జాగ్రత్త విలువైనదే. ఇప్పటికీ మత్తు వైద్యులు ఆ పని చేస్తారు. తప్పు ఆయన నిజాయితీలో లేదు. ఎదురొచ్చిన సాక్ష్యానికి చోటివ్వకపోవడంలో ఉంది.

ఈ కథలో మరో మనిషి ఉన్నారు. లారీ దగ్గర చదువుకున్న పార్సీ యువతి రూపాబాయి ఫర్దూన్‌జీ. ప్రపంచంలో మత్తు వైద్యాన్నే వృత్తిగా చేపట్టిన తొలి మహిళగా ఆమెకు పేరు. రెండో క్లోరోఫాం కమిషన్ పనిలో ఆమె పాల్గొన్నారు. నేటి సుల్తాన్ బజార్ ఆసుపత్రికి పూర్వరూపమైన రెసిడెన్సీ ఆసుపత్రిలో, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో రోగులకు మత్తు ఇచ్చారు. తర్వాత ఎడింబరో వెళ్లి పైచదువు చదివారు. బల్ల మీది రోగి ముఖం పక్కన కూర్చుని, చుక్క చుక్కగా క్లోరోఫాం వేస్తూ, ఆ ఊపిరినీ ఆ రంగునూ క్షణక్షణం చూసేది ఇలాంటివారే. గురువుగారి సిద్ధాంతంలో లోటు ఉంటే ముందుగా కనబడవలసింది వారికే. అలాంటి స్థానంలో ఉన్నవారిని ‘నీకు ఏం కనబడింది?’ అని అడిగే అలవాటు ఆ కాలపు వైద్యంలో లేదు. ఈ కాలంలో ఉందని గట్టిగా చెప్పలేం.

కోవిడ్ కాలం

2020 మార్చి 2న తెలంగాణలో తొలి కోవిడ్ కేసు నమోదైంది. రోగికి గాంధీ ఆసుపత్రిలో చికిత్స జరిగింది. కొద్ది వారాల్లో ఆ ఆసుపత్రి పూర్తిగా కోవిడ్‌కే అయింది. రాష్ట్రం నలుమూలల నుంచి విషమ స్థితిలో ఉన్నవారంతా అక్కడికే చేరడంతో భారమంతా పీజీ వైద్య విద్యార్థుల మీద, నర్సుల మీద పడింది. ఏప్రిల్ 1న ఒక మృతుడి బంధువులు వైద్యుడి మీద చేయి చేసుకున్నారు. ఏప్రిల్ 22న కేంద్రం 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్సు తెచ్చి, వైద్య సిబ్బంది మీద దాడికి మూడు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు శిక్ష పెట్టింది. తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా. అయినా జూన్ 9 రాత్రి గాంధీలో మళ్లీ దాడి జరిగింది. జూనియర్ డాక్టర్లు విధులు ఆపి ఆసుపత్రి ముందు బైఠాయించారు.

వాళ్ల డిమాండ్లు చదివితే అసలు విషయం తెలుస్తుంది. భద్రత, సిబ్బంది నియామకాలు అడిగారు. వాటితో పాటు, కోవిడ్ రోగులందరినీ గాంధీకే పంపకుండా ఇతర ఆసుపత్రుల్లో కూడా చికిత్స ఇవ్వాలన్నారు. ఇది జీతభత్యాల గొడవ కాదు. వార్డులో రోజూ చూస్తున్నవారు రోగుల సర్దుబాటు గురించి ఇస్తున్న వైద్య సలహా. జూన్ 10న అప్పటి ఆరోగ్య మంత్రి ఈటల రాజేందర్ వచ్చి మాట్లాడారు. తర్వాత కోవిడ్ చికిత్స ఇతర ఆసుపత్రులకు కూడా విస్తరించింది. ఒక మంచి సలహా పై చెవికి చేరడానికి దెబ్బలు తినవలసి రావడం, రోడ్డెక్కవలసి రావడం ఏ ఆసుపత్రికీ గౌరవం కాదు.

నర్సుల కథ ఇంకా బాధాకరం. 2020 జూన్‌లో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో పనిచేస్తూ పదవీ విరమణకు దగ్గరైన ఒక హెడ్ నర్సు కోవిడ్‌తో చనిపోయారు. మహమ్మారి తొలి ఉద్ధృతిలో అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో తీసుకున్న 1,600 మందికి పైగా నర్సులను 2021 జూలైలో తొలగించినప్పుడు, వాళ్లు కోఠిలో వైద్య శాఖ కార్యాలయాల ముందు నిరసనకు దిగారు. రేపు కొలువు ఉంటుందో లేదో తెలియని నర్సు, ఈ రాత్రి ‘డాక్టర్ గారూ, ఈ డోసు ఎక్కువ’ అని ఎలా అంటుంది? ఒప్పంద ఉద్యోగం జీతానికి సంబంధించిన విషయంగానే చూస్తాం. అది రోగి క్షేమానికి సంబంధించినది కూడా.

2021 మేలో రెండో ఉద్ధృతి. మే 9న కింగ్ కోఠి ఆసుపత్రికి రావలసిన ఆక్సిజన్ ట్యాంకర్ నగరంలో దారి తప్పింది. నారాయణగూడ పోలీసులు దాన్ని వెతికి తీసుకొచ్చారు. ఆ వ్యవధిలో రోగులు చనిపోయారని పత్రికలు రాశాయి. ఆక్సిజన్ కొరత వల్ల కాదని అధికారులు అన్నారు. మరునాడే తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకర్ ఆలస్యమై ఆక్సిజన్ ఒత్తిడి పడిపోవడంతో 11 మంది చనిపోయారని జిల్లా యంత్రాంగమే ప్రకటించింది. ఇలాంటి గంటల్లో వార్డు ఎలా ఉంటుందో చూస్తే నాయకత్వం అంటే ఏమిటో అర్థమవుతుంది. ట్యాంకు దగ్గర గేజీలో ముల్లు మెల్లగా కిందికి జరుగుతుంది. దాన్ని ముందు చూసేది ఆక్సిజన్ టెక్నీషియనో, నైట్ డ్యూటీ సిస్టరో. పడక పక్కన ఫ్లోమీటర్‌లో చిన్న గుండు తేలడం తగ్గుతుంది. అప్పుడు ఆమె ఎవరికి ఫోన్ చేయాలి? సూపరింటెండెంట్‌కు నేరుగా చేయవచ్చా, లేక డ్యూటీ డాక్టర్, ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) అంటూ మెట్లెక్కాలా? ‘ఇంకా రెండు గంటలకు సరిపోతుంది కదా, ఎందుకు కంగారు’ అని గద్దిస్తారేమో అన్న భయం ఆమె చేతిని అరగంట ఆపిందంటే, ఆ అరగంట తిరిగి రాదు.

అదే నెలలో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి బ్లాక్ ఫంగస్ రోగులకు ప్రధాన కేంద్రమైంది. మే 20న ప్రభుత్వం ఆ వ్యాధిని తప్పనిసరిగా నమోదు చేయవలసిన వ్యాధుల్లో చేర్చింది. చెవి, ముక్కు, గొంతు శస్త్రచికిత్సలు చేసుకునే ఆసుపత్రి ఒక్కసారిగా ఈ రోగులతో నిండిపోయింది. యాంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్లు దొరక్క రోగుల బంధువులు అల్లాడారు. మందు ఎంత ఉందో, ఎవరికి ముందు ఇస్తామో దాచకుండా చెప్పడం వైద్యుడికి కష్టమైన పని. చెప్పకపోతే పుకారు చెబుతుంది.

నర్సీపట్నం

తెలుగు రాష్ట్రాల్లో ఈ విషయం మీద ఏ చర్చ వచ్చినా డాక్టర్ సుధాకర్ పేరు రాకుండా పోదు. అప్పటి విశాఖ జిల్లా నర్సీపట్నం ప్రాంతీయ ఆసుపత్రిలో ఆయన మత్తు వైద్యుడు. 2020 ఏప్రిల్ మొదట్లో, ఎన్-95 మాస్కులు ఇవ్వడం లేదనీ ఒకే మాస్కు రోజుల తరబడి వాడమంటున్నారనీ కెమెరాల ముందు అన్నారు. కొద్ది రోజుల్లోనే సస్పెండ్ అయ్యారు. మే 16న విశాఖపట్నంలో పోలీసులు చేతులు వెనక్కి కట్టి ఆయన్ను తీసుకువెళుతున్న వీడియో దేశమంతా చూసింది. ఆయన మద్యం మత్తులో గొడవ చేశారన్నది పోలీసుల మాట. మే 22న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విచారణను సీబీఐకి అప్పగించింది. 2021 మే 21న ఆయన గుండెపోటుతో మరణించారు.

ఆయన మాట్లాడిన తీరు సరైనదా కాదా అన్న వాదన ఇప్పటికీ ఉంది. 1964 నాటి ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడాన్ని నిషేధిస్తుంది. అయితే ఆ నియమం ఉన్నచోట లోపల చెప్పుకునే దారి మరింత విశాలంగా ఉండాలి. లోపల దారి మూసి, బయట తలుపుకు తాళం వేస్తే ఆ మాట ఎక్కడికి పోతుంది? ఇలాంటిదే మరో ఉదాహరణ: చైనాలోని వూహాన్‌లో లీ వెన్‌లియాంగ్ అనే కంటి వైద్యుడు 2019 డిసెంబరు 30న కొత్త జబ్బు గురించి తోటి వైద్యులను హెచ్చరించినందుకు పోలీసుల మందలింపు పొందాడు. 2020 ఫిబ్రవరి 7న అదే జబ్బుతో చనిపోయాడు. ఒక్కొక్కరి మీద తీసుకున్న చర్య ఆ ఒక్కరితో ఆగదు. దాన్ని చూసిన వేలమంది మాస్కు చిరిగినా, మందు అయిపోయినా ఊరుకోవడం నేర్చుకుంటారు. నర్సీపట్నం వల్ల జరిగిన అసలు నష్టం అది.

వార్డు లోపల పనిచేసే పద్ధతులు

మన ఆసుపత్రుల్లో హోదా మాటలోనే వినబడుతుంది. ప్రొఫెసర్ రౌండ్స్‌కు వస్తే వెనుక అసిస్టెంట్లు, పీజీలు, హౌస్ సర్జన్లు, చివర కేస్ షీట్లు పట్టుకుని సిస్టర్. రోగితో రాత్రంతా ఉన్నది ఆ చివరి మనిషే. ఆమె తప్పు కనిపెట్టినా ‘సార్, ఒక్కసారి చూస్తారా’ అనేస్తుంది. ఆ మర్యాదలో హెచ్చరిక కరిగిపోతుంది. 2005లో ఇంగ్లండులో ఎలేన్ బ్రోమిలీ అనే మహిళ మామూలు ముక్కు శస్త్రచికిత్సకు వెళ్లి, మత్తు ఇచ్చాక ఊపిరి గొట్టం అమరక చనిపోయింది. గొంతుకు రంధ్రం చేసే సామగ్రిని నర్సు తెచ్చిపెట్టింది. పెద్ద డాక్టర్లు దాని వైపు చూడలేదు. గట్టిగా చెప్పే దారి ఆమెకు తోచలేదు. విమాన పైలట్ అయిన ఎలేన్ భర్త ఆ తర్వాత వైద్యరంగంలో మానవ తప్పిదాల మీద ఉద్యమమే నడిపారు.

ఇలాంటి అనుభవాల నుంచి వచ్చినవే మెట్ల వారీ మాటలు. మొదట ‘నాకు ఆందోళనగా ఉంది’, వినకపోతే ‘ఇది నాకు సరిగా అనిపించడం లేదు’, అప్పటికీ వినకపోతే ‘ఇది రోగి ప్రాణానికి సంబంధించింది, ఆపండి’. మూడో మాట వినబడితే ఎంతటి సర్జన్ అయినా చేయి ఆపాలన్నది ముందే కుదుర్చుకున్న ఒప్పందం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన శస్త్రచికిత్స జాబితాలో కోతకు ముందు గదిలోని ప్రతివారూ తమ పేరూ పనీ చెప్పాలని ఉంది. ఒకసారి పేరు పలికినవారికి రెండోసారి నోరు విప్పడం సులువు. కోవిడ్‌లో పీపీఈ కిట్ వేసుకుంటే ఎవరు ఎవరో తెలియక, వీపు మీదా ఛాతీ మీదా మార్కర్‌తో పేర్లు రాసుకున్నారు. అవసరం కోసం పుట్టిన ఆ అలవాటు హోదాల దూరాన్ని కొంత తగ్గించింది. కిట్లతో పాటు దాన్ని కూడా పారేయడం పొరపాటు.

ఎడ్మండ్సన్, ఆమె సహచరులు 16 అమెరికా ఆసుపత్రుల గుండె శస్త్రచికిత్స బృందాలను పరిశీలించి 2001లో రాసిన పత్రం కూడా ఇదే చెబుతుంది. కొత్త పద్ధతిని త్వరగా నేర్చుకున్నవి పేరున్న పెద్ద సర్జన్ల బృందాలు కావు. ‘మీరు చూసి చెప్పకపోతే నేను ఈ పని చేయలేను’ అని సర్జన్ ముందుగానే ఒప్పుకున్న బృందాలు.

ప్రసూతి వార్డులో

సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రి లాంటి చోట ప్రతి రాత్రీ చిన్న సంక్షోభమే. కాన్పు తర్వాత రక్తస్రావం మొదలైతే నిమిషాల లెక్క. తల్లి మరణాల సమీక్షకు భారత ప్రభుత్వం 2010లో మార్గదర్శకాలు ఇచ్చి, 2017లో వాటిని సవరించింది. ఎవరి పేరూ ఎత్తకూడదు, ఎవరినీ నిందించకూడదు, మరణానికి దారితీసిన జాప్యం ఎక్కడ జరిగిందో మాత్రమే వెతకాలి అన్నది ఆ సమీక్షకు ప్రాణం. ఇంటి దగ్గర ఆలస్యమా, దారిలో ఆలస్యమా, ఆసుపత్రి లోపల ఆలస్యమా అని మూడు జాప్యాలను అడుగుతారు. మానసిక భద్రతను మన దేశంలో కాగితం మీద ఇంత స్పష్టంగా రాసిన చోటు మరొకటి అరుదు. అయితే ఒక మరణం టీవీకెక్కిన వెంటనే ముందు సస్పెన్షన్, తర్వాత విచారణ అన్న అలవాటు ఈ సమీక్షను దెబ్బతీస్తుంది. చెబితే ఉద్యోగం పోతుందని తెలిసిన నర్సు ఏ సమీక్షలోనూ నిజం చెప్పదు. నిర్లక్ష్యాన్ని శిక్షించాల్సిందే. కానీ పొరపాటునూ నిర్లక్ష్యాన్నీ వేరు చేసి చూడటానికి కావలసిన వ్యవధి కూడా ఇవ్వాలి.

పరిమితులు

మంచి మాటలతో మాస్కులు రావు, పడకలు పెరగవు. ఖాళీ పోస్టులు నింపకుండా నాయకత్వ శిక్షణ తరగతులు పెట్టడం సిబ్బందిని వంచించడమే. మానసిక భద్రత అంటే అందరినీ బుజ్జగించడం కూడా కాదు. తప్పు చేసినవారి ముఖం మీదే తప్పని చెప్పగలిగే కఠినత్వం అందులో భాగం. పాశ్చాత్య సంస్థల్లో తయారైన కొలమానాలను, కులం, లింగం, ఒప్పంద ఉద్యోగం కలగలిసిన మన వార్డులకు ఉన్నదున్నట్టు అంటించలేం కూడా. కింది మెట్టు మీది మనిషి ఇక్కడ ఒక్క హోదాలోనే కింద ఉండడు.

అయినా కొన్ని పనులకు ఖర్చు లేదు. షిఫ్ట్ మారేటప్పుడు పది నిమిషాలు అందరూ నిలబడి మాట్లాడుకోవచ్చు. సూపరింటెండెంట్ నంబరు ఆక్సిజన్ గదిలో గోడ మీద రాసి ఉంచవచ్చు. కొరత గురించి లోపల రాతపూర్వకంగా తెలిపినవారి మీద క్రమశిక్షణ చర్య ఉండదని వైద్య శాఖ ఒక ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వు మీద సంతకం జరగవలసిన కార్యాలయం కోఠిలోనే ఉంది. వచ్చే మహమ్మారి కోసం ఆగకుండా ఆ ఉత్తర్వు ఇవ్వాలని, రోజూ ఆ ఆసుపత్రుల గడప తొక్కే మనందరం అడగాలి.